పాత జాన్ బోటుకి ముందు డెక్ కట్టాలి: వెల్డింగా, బోల్టులా?

లావన్_గాలం
2003 నాటి 1448 జాన్ బోటు ఒకటి ట్రైలర్‌తో సహా కొన్నాను. తెలియనివాళ్ల కోసం: 14 అడుగుల పొడవు, అడుగున 48 అంగుళాల వెడల్పు, చదునైన అడుగు, మొత్తం అల్యూమినియం, రివెట్లతో కట్టింది. అడ్డంగా మూడు బెంచీలున్నాయి. వెనక 20 హార్స్‌పవర్ మోటార్. మేముండేది డాలస్ దగ్గర, ఎక్కువగా లేక్ లావన్‌కి వెళ్తాం.

చేయాలనుకున్నవి ఇవి. మధ్య బెంచీ కోసేసి నేల చదును చేయాలి. ముందు నిలబడి గాలం వేయడానికి డెక్ కావాలి. ట్రోలింగ్ మోటార్‌కి (గాలం వేస్తూ మెల్లగా కదలడానికి ముందు బిగించే బ్యాటరీ మోటార్) గట్టి ప్లేటు, బ్యాటరీకి చోటు ఉండాలి. అడుగున రెండు మూడు రివెట్ల దగ్గర నీళ్లు కారుతున్నాయి, అవీ ఆపాలి.

ఆఫీసులో ఒకతని దగ్గర మిగ్ (తీగ దానంతటదే వచ్చే రకం) వెల్డింగ్ మెషీన్ ఉంది. ఇనుప గేట్లు, గ్రిల్స్ చేస్తుంటాడు. "తీసుకురా, రివెట్ల మీద కూడా ఒక వెల్డింగ్ పూస లాగేస్తే జన్మలో కారదు" అంటున్నాడు. దగ్గర్లో ఒక షాపు అల్యూమినియం పని మాకొద్దంది. ఇంకో షాపు చెప్పిన రేటు బోటు ధర కంటే ఎక్కువ.

తొందర ఎందుకంటే జూన్‌లో నాన్నగారు గుడివాడ నుంచి వస్తున్నారు. కాలవ గట్టున గాలం పట్టుకుని పెరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, బెంచీలు దాటి ముందుకు వెళ్లలేరు. ఆయన్ని, మా తొమ్మిదేళ్ల వాణ్ణి కలిపి ఒకే బోటులో కూర్చోబెట్టాలని కోరిక. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టెక్సోమా_శీలావతి
ముందు రేకు మందం కొలవండి. తర్వాత బెంచీల లోపల ఏముందో చూడండి. ఈ రెండూ తెలిసేదాకా బోటు దగ్గరికి వెల్డింగ్ టార్చ్ రానివ్వకండి.

లావన్_గాలం
వెర్నియర్‌తో కొలిచా అన్నా. పక్కన 1.6 మి.మీ., అడుగునా అంతే. బెంచీల లోపల పసుపు రంగు ఫోమ్ నిండా ఉంది.

సముద్రపుగాలి
విశాఖలో ఓడల పని 31 ఏళ్లు చేశాను. అందులో పద్దెనిమిదేళ్లు అల్యూమినియమే. ఇప్పుడు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఓపిగ్గా చదవండి, పొడుగు అవుతుంది.

మీ స్నేహితుడు మంచివాడే కావచ్చు, ఇనుము చేయి తిరిగినవాడే కావచ్చు. కానీ ఇనుము ఎర్రబడి చెప్తుంది, కరగబోతున్నానని. అల్యూమినియం ఏమీ చెప్పదు. రంగు మారదు, నిగనిగలాడుతూనే ఉంటుంది, ఉన్నట్టుండి జారిపోయి చిల్లు పడుతుంది. లోహం 650 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. పైపొర కరిగించే లోపు కింద లోహం నీళ్లైపోతుంది. అందుకే ముందు అసిటోన్‌తో జిడ్డు తుడిచి, తర్వాత స్టెయిన్‌లెస్ బ్రష్‌తో పొర గీకాలి. ఆ బ్రష్ ఇనుము మీద ఒక్కసారి కూడా వాడి ఉండకూడదు. తుడవకుండా గీకితే జిడ్డంతా లోపలికి రుద్దినట్టే. పైగా ఈ రకం రేకులో వేడి ఇనుములో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పాకుతుంది.

ఇక ఆయన మెషీన్. ఇనుముకి వాడే సిలిండర్‌లో ఆర్గాన్ మూడు పాళ్లు, కార్బన్ డయాక్సైడ్ ఒక పాలు ఉంటుంది. దాంతో అల్యూమినియం మీద మసి తప్ప అతుకు రాదు. పూర్తి ఆర్గాన్ కావాలి. తీగ మెత్తగా ఉంటుంది కాబట్టి పొడుగు గొట్టంలో ముడిపడిపోతుంది, తీగ చుట్ట చేతి దగ్గరే ఉండే స్పూల్ గన్ ఉండాలి. పల్చటి రేకుకి ఏసీ టిగ్ (రాడ్‌ని చేత్తో అందిస్తూ చేసే వెల్డింగ్) ఇంకా మేలు. తీగ గానీ రాడ్ గానీ 5356 అనే అల్యూమినియం రకం తీసుకోండి.

రివెట్ల మీద పూస మాత్రం వద్దే వద్దు. రెండు రేకుల అతుకు మధ్య ఇరవై ఏళ్ల బురద, పాత సీలెంట్ ఇరుక్కుని ఉంటాయి. వేడి తగలగానే అవి ఆవిరై వెల్డింగ్‌లో బుడగలుగా తేలతాయి. ఒక రివెట్ మీద వేడి పెడితే రేకు సాగి, ఆ పక్క నాలుగు రివెట్లు వదులవుతాయి. ఇవాళ ఒక చోట ఆపితే రేపు నాలుగు చోట్ల కారుతుంది.

మీకు వెల్డింగ్ కావలసింది డెక్ కింద ఫ్రేముకి. దాన్ని బోటు బయట, బల్ల మీద పెట్టి చేయించుకోండి. తయారయ్యాక లోపల దించి, బోటు పక్కటెముకలకి (రేకుకి లోపలివైపు ఉండే అడ్డ పట్టీలు) బిగించండి.

లావన్_గాలం
గురువుగారూ, ఇంత వివరంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ప్రింట్ తీసి గ్యారేజీలో అంటించాను.

బీమ్_లెక్క
గురువుగారి మాటల్లో నాకొక తేడా ఉంది. హ్యూస్టన్‌లో స్ట్రక్చరల్ పని చేస్తాను. షాపులో దొరికే చదరపు గొట్టం 6061 టీ6 రకం అల్యూమినియం. అది గట్టిదే, కానీ ఆ గట్టితనం కొలిమిలో వేడి చేసి చల్లార్చి ఇచ్చింది. వెల్డింగ్ వేడి తగిలిన చోట, అతుక్కి అటూ ఇటూ సుమారు అంగుళం మేర, యీల్డ్ బలం (శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే శక్తి) సగం కంటే కిందికి పడిపోతుంది. మళ్లీ కొలిమిలో పెడితే గానీ తిరిగి రాదు. అలాంటప్పుడు ఒక చిన్న డెక్కుకి వెల్డింగ్ దేనికి? అంగుళంన్నర యాంగిల్ ముక్కలు కోసి, మూలల్లో త్రికోణం ప్లేట్లు పెట్టి, ఒక వైపు నుంచే బిగించే 3/16 అంగుళం అల్యూమినియం పాప్ రివెట్లు కొట్టండి. బలం ఎక్కడా తగ్గదు, మెషీనూ అక్కర్లేదు. నేను మా 1442కి అలాగే చేసి నాలుగేళ్లయింది.

సముద్రపుగాలి
మీరు చెప్పిన బలం లెక్క నిజమే, ఒప్పుకుంటాను. అందుకే అతుకుని దూలం మధ్యలో పెట్టకూడదు. వంపు ఎక్కువ పడేది అక్కడే. చివరలకి తీసుకెళ్తే చాలు. పైగా ఈ డెక్కు మీద ఇద్దరు మనుషులు నిలబడతారు, అంతే. తగ్గిన బలం కూడా దానికి ఎక్కువే.

కానీ ట్రోలింగ్ మోటార్ ప్లేటు సంగతి వేరు. మోటార్ గొట్టం నీళ్లలోకి మూడడుగులు దిగుతుంది. కింద మొద్దు తగిలిందంటే ఆ దెబ్బ గడ్డపారతో పెకలించినట్టు పైకి వస్తుంది. పాప్ రివెట్లు ఇటు అటు ఊగి ఊగి రంధ్రాలు పెద్దవి చేసుకుంటాయి. అక్కడ మాత్రం మందమైన ప్లేటు, కింద గసెట్లు (మీరు చెప్పిన త్రికోణం ప్లేట్లే), నిండు వెల్డింగ్.

బీమ్_లెక్క
మోటార్ ప్లేటు విషయంలో మీదే రైటు. నాది రెండో ఏడాదే వదులైంది. బోల్టులు వేసుకున్నా.

కోరంగి_తెప్ప
మా నాన్న, తాత ఇద్దరూ కాకినాడ వైపు పడవలు కట్టినవాళ్లు. మొదట చెక్క, ఇప్పుడంతా ఫైబర్. నాకైతే ఈ లోహం గోల అర్థం కాదు. అర అంగుళం ప్లైవుడ్ కోసి, రెండు వైపులా రెజిన్, ఫైబర్ మ్యాట్ వేసి దించండి. ఒక ఆదివారం పని.

టెక్సోమా_శీలావతి
ప్లైవుడ్ అంటే ఒక మాట చెప్పాలి, డబ్బు పోసి నేర్చుకున్నది. బయట వానకి పాడవకూడదని ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ తెచ్చి నేల వేశాను. రెండో వేసవికి అడుగున నీళ్లు. ప్లైవుడ్ ఎత్తి చూస్తే కింద రేకంతా తెల్లటి పొడి, గోరు పెడితే దిగే గుంటలు. ఆ చెక్కకి పట్టించే మందులో రాగి ఉంటుంది. రాగి, అల్యూమినియం, తడి మూడూ ఒకచోట చేరితే అల్యూమినియం కరిగిపోతుంది. బోటు అడుగున జారిపడిన ఒక పెన్నీ నాణెం కూడా అదే పని చేస్తుంది. చెక్క వేస్తే మామూలు ఎక్స్‌టీరియర్ లేదా మెరైన్ రకం, అన్ని అంచులకీ ఎపాక్సీ పట్టించి వేయండి.

ఇక బరువు. నాలుగు బై ఎనిమిది అడుగుల అర అంగుళం ప్లైవుడ్ పొడిగా ఉంటేనే ఇరవై కిలోలు, నీళ్లు తాగితే ఇంకా ఎక్కువ. అదే కొలతలో 2 మి.మీ. 5052 అల్యూమినియం రేకు పదహారు కిలోలు. ఎన్నేళ్లయినా పదహారే.

కోరంగి_తెప్ప
రాగి సంగతి నాకు తెలియదు అన్నా. ఫైబర్‌కి ఆ బాధ లేదు. సరే, లోహమే వేసుకోండి :)

మిన్నెసోటా_మంచు
మధ్య బెంచీ కోసేస్తానంటే ఆగండి. అది కూర్చోవడానికి మాత్రమే కాదు. పక్క గోడలు బయటికి విచ్చుకోకుండా, అడుగు ఊగకుండా పట్టి ఉంచేది అదే. నేను మొదటి బోటులో మధ్యది మొత్తం తీసేశాను. అలల మీద అడుగు రేకు డప్పులా లోపలికి బయటికి కొట్టుకోవడం మొదలైంది. ఒక్క సీజన్‌కే పదకొండు రివెట్లు వదులు.

రెండో బోటుకి ఇలా చేశా. బెంచీ మధ్యలో 20 అంగుళాలు మాత్రం కోసి నడవడానికి దారి చేశాను. అటూ ఇటూ మిగిలిన పెట్టెలు గోడలకి అతుక్కునే ఉంటాయి. కోసిన అంచులకి రేకు మూతలు రివెట్ చేసి, నేల మీద అడ్డంగా ఒక దళసరి యాంగిల్ రెండు పెట్టెల్నీ కలుపుతూ వేశాను. ఆరేళ్లయింది, కదలలేదు.

తీసిన ఫోమ్ లెక్క కూడా చూసుకోండి. మునిగితే బోటుని పైన ఉంచేది అదే. 20 అడుగుల లోపు బోట్లకి ఆ తేలే ఏర్పాటు ఉండాలని కోస్ట్ గార్డ్ నిబంధన ఊరికే పెట్టలేదు. ఒక ఘనపుటడుగు ఫోమ్ దాదాపు 27 కిలోలు మోస్తుంది. మీరు కోసే ముక్క రెండు ఘనపుటడుగులు అనుకుంటే 54 కిలోల ఆసరా పోయినట్టే. ఎంత తీస్తే అంత మళ్లీ డెక్ కింద, పక్కల్లో పైకి పెట్టండి. షాపులో దొరికే నీలం, గులాబీ ఫోమ్ బోర్డులు పనికొస్తాయి. కానీ పెట్రోల్ తగిలితే అవి కరిగిపోతాయి, కాబట్టి ట్యాంకు వైపు వద్దు.

లావన్_గాలం
ఈ దారి ఐడియా బ్రహ్మాండం. నాన్నగారికి కావలసింది అదే, కాలు ఎత్తకుండా నడవడం. పూర్తిగా తీయాల్సిన పనే లేదు.

పులుసు_ప్రియ
డెక్ ఎత్తు ఎంత పెడుతున్నారు? దాని గురించి ఎవరూ అడగలేదేంటి?

మాది 1436, అంటే అడుగు వెడల్పు మూడడుగులే. మా వారు ముచ్చటపడి ముందు డెక్‌ని బోటు పక్క గోడల అంచుకి సమానంగా పైకి కట్టించారు. చూడ్డానికి టోర్నమెంట్ బోటులా ఉంది. మొదటి రోజే నాకు పెద్ద చేప పడిందని ఆయన నా పక్కకి వచ్చారు. ఇద్దరం ఒకే వైపు. అంతే, ఇద్దరం నీళ్లలో. లైఫ్ జాకెట్లున్నాయి కాబట్టి ఇలా రాస్తున్నాను. మనిషి ఎంత ఎత్తులో నిలబడితే బోటు అంత తూలుతుంది. మీ బోటు మాదానికంటే అడుగు వెడల్పే, అయినా పెద్దాయన, పిల్లాడు అంటున్నారు. డెక్‌ని బోటు అంచుకి కనీసం ఎనిమిది అంగుళాలు కిందికి ఉంచండి. నాన్నగారికి డెక్ మీద కాకుండా నేల మీద వీపు ఆనే కుర్చీ, చేతికందేలా ఒక పట్టుకొమ్మ పెట్టండి.

చేప కూడా పోయింది, అది వేరే బాధ.

టెక్సోమా_శీలావతి
ఏం చేప అక్కా?

పులుసు_ప్రియ
క్యాట్‌ఫిష్. చింతపండు నానబెట్టి మరీ వెళ్లాను ఆ రోజు.

బీమ్_లెక్క
అక్క చెప్పినదానికి తోడు, వెనక కెపాసిటీ ప్లేటు చూడండి. మనుషులు, మోటార్, సామాను అన్నీ కలిపి ఎన్ని పౌండ్లో ఉంటుంది. మీరు కట్టే ప్రతి ముక్క ఆ సామాను లెక్కలోకే వస్తుంది. కాగితం మీద వేసుకుని మొదలుపెట్టండి.

లావన్_గాలం
ప్లేటు మీద మొత్తం 745 పౌండ్లు, అంటే 338 కిలోలు. మోటార్ 45, బ్యాటరీ 25, పెట్రోల్, ట్రోలింగ్ మోటార్, సామాను కలిపి 45. మేం ముగ్గురం 175. మిగిలేది 48 కిలోలు. అందులో డెక్, నేల రెండూ రావాలి. బాగా బిగువుగా ఉంది.

వైర్_ఫ్యూజ్
లెడ్ బ్యాటరీ బదులు 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టండి, పదకొండు పన్నెండు కిలోలే ఉంటుంది. అక్కడే పదమూడు కిలోలు మిగిలాయి.

వైరింగ్ గురించి మూడు మాటలు. 55 పౌండ్ల ట్రోలింగ్ మోటార్ పూర్తి వేగంలో 50 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల బ్రేకర్ పెట్టి, ముందు దాకా మందమైన 6 గేజ్ వైరు లాగండి. కార్లలో లాగా బోటు ఒంటినే నెగటివ్‌గా వాడకండి. కరెంటు రేకులోంచి పారితే తడిలో రేకుని తినేస్తుంది, ప్రతి దీపానికీ రెండు వైర్లూ విడిగా రావాలి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ, చేపల్ని చూపించే ఫిష్ ఫైండర్, మోటార్ కనెక్షన్ అన్నీ పీకేయండి.

అల్యూమినియం_రాజు
ఇంత పెద్ద చర్చ ఎందుకో. ప్రొపేన్ టార్చ్‌తో కరిగే రాడ్లు దొరుకుతాయి, యూట్యూబ్‌లో కోక్ క్యాన్‌కి అతికించి చూపిస్తారు. నేను మా బోటు అడుగు వాటితోనే అతికా. మెషీన్ లేదు, ఆర్గాన్ లేదు.

సముద్రపుగాలి
రాజుగారూ, అది వెల్డింగ్ కాదండి, మాటు. మన ఊళ్లలో సత్తు గిన్నెలకి మాట్లు వేసేవాళ్లు గుర్తున్నారు కదా, అదే పద్ధతి. ఆ రాడ్లు జింక్ ఎక్కువగా ఉన్న మిశ్రమం, 400 డిగ్రీల లోపే కరుగుతాయి. బోటు రేకు 5052 హెచ్32, సాగదీసి గట్టిపరిచిన రకం. ప్రొపేన్ మంట అంత వెడల్పున తగిలితే ఆ గట్టితనం పోయి మెత్తబడుతుంది. ఒక కొక్కేనికో దీపం స్టాండుకో పర్లేదు. మీ అడుగుని మాత్రం ప్రతి సీజన్ మొదట్లో తప్పకుండా చూసుకోండి.

అల్యూమినియం_రాజు
రెండేళ్లుగా కారలేదు. కానీ మీరు చెప్పారు కాబట్టి ఈ వారం తిరగేసి చూస్తాను.

లావన్_గాలం
మా స్నేహితుడు "ఫోమ్ ఉంటే ఏమైంది, తడి గుడ్డ కప్పి కొట్టేద్దాం" అంటున్నాడు. ఏం చెప్పాలి?

సముద్రపుగాలి
ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. వద్దని చెప్పండి.

ఆ పసుపు ఫోమ్ పాలీయురెథేన్. కాలితే వచ్చే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. అల్యూమినియంలో వేడి ఎంత దూరం పాకుతుందో ముందే రాశాను, మీరు కొట్టిన చోటికి అడుగు దూరంలో లోపల రాజుకున్నా కనపడదు. పెట్రోల్ ట్యాంకు, గొట్టాలు బోటులోంచి తీసి గ్యారేజీ బయట పెట్టాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఉన్నదంతా ఆవిరే.

జిడ్డు తుడవడానికి కొందరు బ్రేక్ క్లీనర్ వాడతారు. అందులో క్లోరిన్ రకాలున్నాయి. అది ఆర్క్ వేడికి తగిలితే ఫాస్జీన్ పుడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విషవాయువు అది. అసిటోన్ మాత్రమే వాడండి, అదీ పూర్తిగా ఆరాక డబ్బా దూరంగా పెట్టి మొదలుపెట్టాలి.

ఇంకోటి. రెండు చివరలూ మూసిన గొట్టాన్ని వెల్డ్ చేయకండి. లోపల గాలి వ్యాకోచించి చివరి పూస దగ్గర కరిగిన లోహాన్ని బయటికి ఊదుతుంది. గొట్టం లోపల తడి ఉంటే ఆవిరి ఒత్తిడి ఇంకా ఘోరం. నేను పనిచేసిన ఒక చోట ఒక కుర్రాడి ముసుగు అద్దం మీదకి అలా ఎగిరింది. అద్దం పగిలింది, కన్ను దక్కింది. ఆ రోజు నుంచి గొట్టానికి ఒక చిన్న రంధ్రం వేయకుండా నేను ఆర్క్ ముట్టించలేదు.

లావన్_గాలం
చెప్పేశాను. కాస్త నొచ్చుకున్నాడు గానీ మీ పోస్ట్ చూపిస్తే చదివి ఒప్పుకున్నాడు.

సాగర్_పుట్టి
నాది నాగార్జునసాగర్ వైపు. మా దగ్గర ఇప్పటికీ పుట్టి మీదే చేపలు పడతారు. ఇలాంటి అల్యూమినియం బోట్లు మన రిజర్వాయర్లలో ఎందుకు కనపడవు? తేలిక కదా, తుప్పు పట్టదు కదా.

కోరంగి_తెప్ప
దెబ్బ తగిలితే ఎవరు బాగుచేస్తారు తమ్ముడూ? ఫైబర్ పగిలితే గట్టు మీదే గీకి, రెజిన్ కలిపి, మ్యాట్ వేసి సాయంత్రానికి నీళ్లలో దించేస్తారు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. అల్యూమినియం అయితే ఆర్గాన్ సిలిండర్, మెషీన్, చేయి తిరిగిన మనిషి రేవుకి రావాలి. పుట్టి అయితే మరీ నయం, నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లొచ్చు.

లావన్_గాలం
మూడు వారాల తర్వాత అప్‌డేట్.

పాత రేకు ముక్కలు రెండు తెచ్చి స్నేహితుడి మెషీన్‌తో ప్రయత్నించాం, ఎలా ఉంటుందో చూద్దామని. గురువుగారు చెప్పినట్టే నల్లటి మసి, మూడు చిల్లులు. అతనే "నాకు ఇది రాదు" అని ఒప్పుకుని, గుర్రాల ట్రైలర్లు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రోజూ అల్యూమినియం మీదే పని చేస్తాడు. కొలతలు సరిగ్గా ఇస్తే ఫ్రేము మాత్రం చేసిస్తానన్నాడు, ముందు అడిగిన షాపు రేటులో మూడో వంతుకే.

అట్ట పెట్టెలు కోసి డెక్ నమూనా చేశాను. అదృష్టం బాగుంది, అట్టతోనే ఒక సంగతి బయటపడింది. ముక్కు దగ్గర పైన రేకు మూత ఉంది కదా, ఒకే ముక్కగా చేస్తే ఫ్రేము దాని కిందికి దూరదు. రెండు ముక్కలుగా చేయించి లోపల బోల్టులతో కలుపుతున్నా. డెక్ బోటు అంచు కంటే తొమ్మిది అంగుళాలు కిందికి ఉంది అక్కా.

కారడం సంగతి ఎవరైనా చెప్పండి.

టెక్సోమా_శీలావతి
బోటు ట్రైలర్ మీద ఉండగా లోపల నీళ్లు పోయండి. బయటికి ఎక్కడ చుక్క వస్తే అక్కడ మార్కర్‌తో గుండ్రం చుట్టండి. రెండు అంగుళాల లోతు చాలు, అంతకంటే వద్దు. ఆ రెండంగుళాలే రెండు వందల కిలోలు దాటుతుంది, ట్రైలర్ దిమ్మెలు సరిగ్గా ఆనకపోతే అడుగు వంగిపోతుంది.

వదులైన రివెట్‌ని ఒకరు కింద బరువైన ఇనుప దిమ్మె ఆనిస్తే, ఇంకొకరు పైనుంచి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి బిగించాలి. తల అరిగిపోయింది ఉంటే డ్రిల్ చేసి తీసి, కొత్తది సీలెంట్‌లో ముంచి వేయాలి. మామూలు పాప్ రివెట్ మధ్యలో రంధ్రం ఉంటుంది, నీటి కింద పనికిరాదు. మూసిన రకమైనా ఉండాలి, గట్టి రివెట్ అయితే ఇంకా మంచిది. చివర్లో లోపల అతుకుల మీద గ్లువిట్ అనే, కారడం ఆపే ఎపాక్సీ ఒక పూత.

బీమ్_లెక్క
ఫ్రేముని పక్కటెముకలకే బిగించండి, అడుగు రేకుకి ఒక్క రంధ్రం కూడా వద్దు. స్టెయిన్‌లెస్ బోల్టులైతే ప్రతిదానికీ టెఫ్‌జెల్ (రెండు లోహాల మధ్య తడి చేరకుండా ఆపే పూత) పూయండి. స్టెయిన్‌లెస్ అల్యూమినియంతో తడిలో కలిస్తే నష్టపోయేది అల్యూమినియమే.

లావన్_గాలం
ఐదు రివెట్లు కారాయి. నేను పైన, స్నేహితుడు కింద. ఆదివారం మధ్యాహ్నం సుత్తి మోత. సోమవారం హోమ్ ఓనర్స్ అసోసియేషన్ నుంచి ఉత్తరం, బోటు డ్రైవ్‌వేలో రెండు రోజులకు మించి ఉండకూడదట.

పులుసు_ప్రియ
మాకూ వచ్చింది ఆ ఉత్తరం. పక్కింటివాళ్లకి వేయించిన చేప ముక్కలు పంపాక మళ్లీ రాలేదు.

మిన్నెసోటా_మంచు
గ్యారేజీలో ట్రైలర్ మూతిని పక్కకి మడిచే కీలు దొరుకుతుంది, రెండడుగులు కలిసొస్తుంది. కారుని బయట పెట్టండి, కారుకి ఉత్తరాలు రావు.

లావన్_గాలం
జూన్ రెండో వారం. ఆలస్యానికి క్షమించండి, రాయడానికి తీరిక చిక్కలేదు.

చివరికి తేలిన లెక్క: ఫ్రేము 13 కిలోలు, డెక్ రేకు 12, నేల 16. మొత్తం 41. బెంచీ ముక్క, దాని ఫోమ్ తీసింది నాలుగు కిలోలు. లిథియం బ్యాటరీతో కలిసొచ్చిన పదమూడు అలాగే చేతిలో ఉన్నాయి. తీసిన ఫోమ్‌కి సరిపడా రెండు ఘనపుటడుగుల బోర్డులు డెక్ కింద రెండు పక్కలా పైకి ఎత్తి బిగించాను. మోటార్ ప్లేటు కింద నాలుగు గసెట్లు పెట్టించా. ఆ ట్రైలర్ల ఆయన టిగ్ పూస చూస్తే నాణేలు పేర్చినట్టుంది. గొట్టాలన్నిటికీ చిన్న రంధ్రాలున్నాయి గురువుగారూ, నేను చెప్పకముందే ఆయన వేశాడు.

శనివారం ముందు నేనొక్కణ్ణే వెళ్లి ఒడ్డు పక్కనే గంటసేపు తిప్పి చూశాను. డెక్ మీద ఒక అంచుకి నిలబడి చూశాను, ఒరిగింది గానీ ఆగింది. అడుగున చుక్క నీరు లేదు. ఆదివారం పొద్దున్నే ముగ్గురం. పదమూడేళ్ల లోపు పిల్లలకి టెక్సస్‌లో జాకెట్ తప్పనిసరి, వాడికి ఎలాగూ వేశాం. నాన్నగారు మొదట వద్దన్నారు, మనవడు "తాతయ్యా నువ్వు వేసుకోకపోతే నేనూ తీసేస్తా" అనేసరికి వేసుకున్నారు.

ఆయన ఆ దారిలో నడిచి వెళ్లి కుర్చీలో కూర్చోవడానికి నా చేయి అవసరం రాలేదు. కూర్చున్నాక నేల రేకుని వేళ్లతో తట్టి, "ఈ అణియం ఎవరు కట్టారు?" అని అడిగారు. పడవ ముందు భాగాన్ని అణియం అంటారని నాకు అప్పుడే తెలిసింది. పదకొండు దాకా ఉన్నాం. తొమ్మిది క్రాపీ చేపలు, ఒక క్యాట్‌ఫిష్. క్యాట్‌ఫిష్ ఆయనదే.

కోరంగి_తెప్ప
అణియం అన్నారా! మా తాత నోట విన్న మాట. వెనక భాగం అమరం. ఈసారి నాన్నగారిని అడిగి చూడండి, ఇంకా చాలా వస్తాయి.

సముద్రపుగాలి
బాబూ, ఆ పూసల ఫొటో పెట్టు. చూడాలనుంది.

పులుసు_ప్రియ
పులుసా, వేపుడా?

లావన్_గాలం
ఫొటోలు రాత్రికి పెడతాను గురువుగారూ. అక్కా, క్యాట్‌ఫిష్ పులుసు, క్రాపీలు వేపుడు. అమ్మ ఫోన్‌లో చెప్తుంటే నాన్నగారు వండారు.

టెక్సోమా_శీలావతి
ర్యాంప్ మీద డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలారా? జీబ్రా ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఎక్కకుండా 2014 నుంచి రాష్ట్రమంతా రూలు. లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికుంచే తొట్టి) ఉంటే అదీ.

లావన్_గాలం
తీశా అన్నా. వచ్చే ఆదివారం దించే ముందు మళ్లీ పెట్టమని ప్లగ్‌ని మావాడి చేతికిచ్చాను. వాడు దాన్ని స్కూల్ బ్యాగులో దాచుకున్నాడు.